‘కాకి’ని గొంతులో పలికిన పిల్లవాడు: ఒక అంగిలి చీలిక కేసు

నేను స్పీచ్ థెరపిస్టును, కుటుంబం ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. నోటికీ ముక్కుకూ గొంతుకూ సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే రాశాను. గొంతు బిగించి వదిలే శబ్దానికి తెలుగులో అక్షరం లేదు కాబట్టి దాన్ని ’ గుర్తుతో చూపిస్తాను.

నేపథ్యం

బాబుకు ఆరేళ్లు. కడప జిల్లాలో ఒక పల్లె, చీనీ తోట మీద బతికే కుటుంబం. పుట్టుకతోనే మెత్తని అంగిలి (నోటి పైకప్పులో వెనక ఉండే మెత్తని భాగం) మొత్తం, గట్టి అంగిలి వెనక భాగం కొంత చీలి ఉన్నాయి. పెదవికి ఏమీ కాలేదు. గ్రహణం మొర్రి అయితే పుట్టిన రోజే అందరికీ కనిపిస్తుంది. అంగిలి ఒక్కటే చీలితే నోరు తెరిపించి టార్చి వేస్తే తప్ప తెలియదు. పాలు ముక్కులోంచి వస్తుంటే పొలమారుతున్నాయని అనుకున్నారు. సంగతి బయటపడి, డబ్బు, సెలవులు, భయం అన్నీ సర్దుకుని ఆపరేషన్ చేయించేసరికి నాలుగేళ్లు దాటాయి. మామూలుగా ఇది ఏడాది, ఏడాదిన్నర లోపల అయిపోవాలి.

గ్రహణం రోజు తల్లి బయటికి వచ్చిందనే మాట ఆ ఇంట్లో అప్పటికీ నడుస్తోంది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని మొదటి రోజే జేజి (నాయనమ్మ) ముందు కూర్చుని గట్టిగా చెప్పాను. ఇలాంటి కేసుల్లో తల్లి ఆ భారంతో కూర్చుంటే పిల్లవాడి చేత ఇంట్లో అభ్యాసం చేయించలేదు.

ఆపరేషన్ తర్వాత మాట దానంతటదే బాగవుతుందని ఎదురుచూశారు. కాలేదు. నాలుక మీద వస అరగదీసి రాశారు. నాలుక కింద నరం కోయించమని ఒకరు చెప్పారు, అదృష్టం కొద్దీ కోయించలేదు. బెలూన్లు ఊదించారు, పీపీలు కొనిపెట్టారు, కొవ్వొత్తులు ఆర్పించారు.

వచ్చినప్పటి పరిస్థితి

“వీడు చెప్పేది మాకు తెలుస్తాది మేడమ్. బడిలోనే తెలీదంటాండారు” అంది తల్లి. చేతిలో ఉన్న కాగితం మీద ‘మాట అస్పష్టం, ముక్కుతో మాట’ అని ఒక్క ముక్క రాసి ఉంది.

బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నాను. నెమలి, ఇల్లు, వాన, నూనె, మామ: కాస్త ముక్కుతో వచ్చినా తేటగా ఉన్నాయి. కాకి దగ్గర ‘’ఆ’ఇ’ అన్నాడు. పాప అంటే ‘’ఆ’ఆ’, తాత అన్నా ‘’ఆ’ఆ’నే. సబ్బు, సైకిల్ మొదట్లో గొంతు లోపల గరగరమనే ఊపిరి. టమాట దగ్గర మాత్రం నాలుక కొసతో ‘ట్చ్’ అని ఒక చప్పుడు చేసి, తర్వాత అచ్చులు కలిపాడు. జాలి పడినప్పుడు మనం చేసే చప్పుడే అది.

అక్కడే పెన్ను పట్టుకుని ఆగాను. మ, న, ల, వ, ర, య, హ బాగున్నాయి. ప, బ, త, ద, ట, డ, క, గ, చ, జ, స, శ ఒక్కటీ లేదు. పోయినవన్నీ నోట్లో గాలిని ఆపి ఒత్తిడి పెంచి వదిలే హల్లులు, లేదా ఇరుకు సందులోంచి గాలిని జోరుగా తోసేవి. అంగిలి చీలి ఉంటే ఆ గాలి నోట్లో నిలవదు, ముక్కులోకి పోతుంది. తండ్రికి ఈ సంగతి చెప్తుంటే ఆయనే అందుకున్నాడు: “డ్రిప్పు పైపు నడిమధ్య పగిలితే చివర చెట్టుకు నీళ్లు అందవు, పగిలిన చోటికంటే ముందర వాల్వు దగ్గర మాత్రం జోరు బాగానే ఉంటాది. అంతేనా మేడమ్?” అంతే. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి దారిలో చీలిక కంటే ముందు ఉన్న వాల్వు గొంతు. మాట నేర్చుకునే నాలుగేళ్లూ వీడికి పని చేసిన వాల్వు అదొక్కటే. ప, త, క మూడింటినీ అక్కడికే దించుకున్నాడు. అంగిలి కుట్టినా, అలవాటైన చోటు అలాగే ఉండిపోయింది.

ఆ శబ్దాలు ఏవి?

ఇక్కడ నా పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. ‘అస్పష్టం’ అని రాస్తే చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పిల్లవాడు పలకనిదేదో ఆ మాట చెప్తుంది, పలికిందేదో చెప్పదు. వీడు పలికే ప్రతి శబ్దమూ ఎక్కడో ఒక భాషలో పద్ధతిగా వాడే హల్లే. దాన్ని గుర్తుపడితే గాలి ఎక్కడ ఆగుతోంది, ఎటు పోతోంది అన్నది తేలిపోతుంది.

గొంతు బిగింపునే తీసుకోండి. పసిపిల్లలను వద్దని వారించేటప్పుడు ‘అ’అ!’ అంటాం చూడండి, మధ్యలో పట్టి వదిలేది అదే. మనకు అది హల్లు కాదు. శ్రీకాకుళం కొండల్లోని సవర భాషలో హల్లే. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉండి సవరలను దగ్గర పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. హవాయి భాషలో ఉన్నవే ఎనిమిది హల్లులు, అందులో ఒకటి ఇది. పైగా హవాయిలో ఇది వచ్చిన దారి కూడా వీడి దారే. న్యూజిలాండ్ మావోరీలు చేపను ‘ఇక’ అంటే హవాయి వాళ్లు ‘ఇ’అ’ అంటారు. పాత క కాస్తా గొంతులోకి దిగిపోయింది. మా బాబు ‘కాకి’ని ‘’ఆ’ఇ’ అనడంలో అదే మార్పు ఉంది, అంతే క్రమంగా ఉంది. తేడా ఏమిటంటే, హవాయిలో క దిగిపోయాక పాత త వచ్చి క స్థానంలో కూర్చుంది. మాటలకు మాటలు వేరుగానే మిగిలాయి. వీడి దగ్గర ప, త, క మూడూ ఒకే చోట కుప్పపడ్డాయి. పాప ఎవరో తాత ఎవరో వినేవాడికి తెలియకపోవడానికి కారణం ఈ కుప్పే. కాబట్టి గొంతు శబ్దాన్ని మాన్పించడం కంటే ముందు, ఏ ఒక్క హల్లునైనా ఆ కుప్పలోంచి విడదీయాలని నిర్ణయించుకున్నాను. ఒకటి విడిపోతే బడిలో మాట అర్థం కావడం వెంటనే కొంత మెరుగుపడుతుంది.

స సంగతి అంత తేలిగ్గా తేలలేదు. ఆ గరగర ముక్కులోంచా, గొంతులోంచా? రెండూ ఉండవచ్చు. బర్మీస్‌లో, మిజోలో నాదం లేకుండా ముక్కుతో ఊపిరి వదిలే న, మ లు ఉన్నాయి. అంగిలి చీలిక పిల్లల్లో కొందరు స బదులు అచ్చం ఆ శబ్దమే చేస్తారు. కనిపెట్టే ఉపాయం చిన్నదే. స అంటుండగా ముక్కు రెండు వేళ్లతో మూయాలి. శబ్దం ఆగిపోతే ముక్కుది, ఆగకపోతే ఇంకా లోపలిది. మూశాను, ఆగలేదు.

మా క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి పక్క గదిలోంచి వచ్చి, “ఇది బడీ హే కదా మేడమ్?” అంది. చిన్నప్పుడు ఖురాన్ పఠనం నేర్చుకున్న పిల్ల. తజ్వీద్ (ఖురాన్ ఉచ్చారణ నియమాలు) చెప్పే ఉస్తాదులు గొంతును అడుగు, మధ్య, పై భాగాలుగా విడదీసి ఏ అక్షరం ఎక్కడి నుంచి రావాలో నేర్పుతారు. అరబిక్‌లోని ఆ ‘హ’ గొంతు మధ్య నుంచి రావాలి. కంఠమణికి కొంచెం పైన వేలు పెట్టుకుని చేసి చూపించింది. “మాకు రాక ఉస్తాద్ దగ్గర తిట్లు తినేవాళ్లం, వీడికి ఎంత బాగొచ్చిందో” అని నవ్వింది. చోటు సరిగ్గా అదే. నాలుక మొదలు వెనక్కి పోయి గొంతు గోడకు దగ్గరవుతోంది, నాలుక కొస ఖాళీగా కూర్చుంది. స రాబట్టాలంటే నాలుక కొసకు పని చెప్పాలి, మొదలును వెనక్కి పోనీకూడదు. ‘ముక్కుతో మాట’ అన్న కాగితాన్ని నమ్మి ఉంటే ముక్కు చుట్టూ తిరిగేవాళ్లం.

ఫలించనివి

బెలూన్లు, పీపీలు మొదట ఆపించాను. తల్లి ఒప్పుకోవడానికి టైమ్ పట్టింది, రోజూ కష్టపడి చేయించింది మరి. ఊదేటప్పుడు మెత్తని అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూయడం వేరు, మాటలో మూయడం వేరు. బెలూను ఎంత పెద్దగా ఊదినా ప రాదు.

‘పెదాలు కలుపు, ప అను’ అని అద్దం ముందు కూర్చోబెట్టడం ఇంట్లోనూ చేశారు, నేనూ కొన్నాళ్లు చేయించి చూశాను. పెదాలు చక్కగా కలిపాడు. కంటికి ప, చెవికి ’. అంటే రెండు చోట్లా ఒకేసారి మూస్తున్నాడు. మనిషి నోటికి ఇది కష్టం కాదు. పశ్చిమ ఆఫ్రికాలో యొరూబా వాళ్లు క, ప చోట్లను ఒకేసారి మూసి ఒకే హల్లుగా పలుకుతారు. జార్జియన్‌లో, పెరూ కొండల్లోని కుస్కో కెచువాలో పెదాలనూ గొంతునూ ఒకేసారి మూసి, గొంతును పైకి నెట్టి పెదాలను టప్పుమనిపించే ప ఉంది. వీడి ప ఆ కెచువా ప దగ్గర దాకా వచ్చి ఆగింది. కెచువాలో పెదాలు పేలిన చప్పుడు వినపడుతుంది. వీడి పెదాలు చప్పుడు లేకుండా విడిపోతున్నాయి, పని మొత్తం గొంతే చేస్తోంది. అంటే పెదాల మీద ఎంత శ్రమ పెట్టినా లాభం లేదు, గొంతు తెరిపించాలి. తండ్రి ఫోన్‌లో వీడియో తీసి “వచ్చేసింది మేడమ్” అని పంపాడు. శబ్దం మాత్రమే వినండి, తెర చూడొద్దు అని చెప్పాక ఆయనకూ తెలిసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో రికార్డింగులు ఫోన్ బోర్లా పెట్టే చేశారు.

మూడోది ట్చ్. దీని మీద నాకే ఆశ కలిగింది. దక్షిణ ఆఫ్రికా ఖోసా భాషలో ‘క్లిక్’ అనే ఇలాంటి చప్పుళ్లు మామూలు హల్లులు. ఆ భాష పేరు మొదటి అక్షరమే బుగ్గ పక్క నుంచి చేసే క్లిక్, ఎడ్లను అదిలించేటప్పుడు మన రైతులు చేసేది. నెల్సన్ మండేలా మాతృభాష అది. బోట్స్వానాలోని తా భాషలో చాలా మాటలు క్లిక్‌తోనే మొదలవుతాయి. ఆఫ్రికా బయట క్లిక్కులను హల్లులుగా వాడిన ఉదాహరణ ఒక్కటే తెలుసు: ఆస్ట్రేలియాలో లార్డిల్ జాతి మగవాళ్లు దీక్ష సమయంలో ఒకప్పుడు నేర్చుకున్న డామిన్. మా బాబు నాలుక కొస అంత చురుగ్గా పళ్ల వెనక తగులుతోందంటే ట, త లకు చోటు సిద్ధంగా ఉన్నట్టే కదా, దాన్నే మెల్లగా త లోకి మళ్లిద్దాం అనుకున్నాను. మళ్లలేదు. క్లిక్ వచ్చేసి, తర్వాత గొంతు బిగింపు, తర్వాత ఆ. అతుకు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే క్లిక్‌లో గాలి ఊపిరితిత్తుల నుంచి రాదు. నాలుక ముందూ వెనకా రెండు చోట్ల మూసి మధ్యలో గాలిని లోపలికి పీలుస్తుంది. ముక్కులోకి పోయే దారి ఆ మూతకు వెనక ఉండిపోతుంది కాబట్టి మెత్తని అంగిలి లేచినా లేవకున్నా క్లిక్‌కు తేడా లేదు. వీడికి అంత బాగా రావడానికి కారణమూ అదే. త కి కావాల్సింది బయటికి పోయే గాలి. నాలుక కొస చురుకుతనం గురించి క్లిక్ నిజమే చెప్పింది, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

రెండో ఆపరేషన్ ప్రశ్న

ఈ మధ్యలో సర్జన్ దగ్గర నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ముక్కులోంచి కెమెరా పంపి చూస్తే అంగిలి సరిగ్గా లేవకపోవచ్చు, ఇంకో ఆపరేషన్ పెట్టుకుందామా? ఇంట్లో టెన్షన్ మొదలైంది.

కెమెరా పరీక్షను కొంతకాలం ఆపమని అడిగాను. గొంతులోనే గాలి ఆగిపోయే మాటకు అంగిలి లేవాల్సిన అవసరమే లేదు. ‘’ఆ’ఆ’ అనిపించి కెమెరాలో చూస్తే అంగిలి పడుకునే ఉంటుంది. అది చేతకాక పడుకుందో, పని లేక పడుకుందో ఆ బొమ్మలో తెలియదు. కనీసం రెండు హల్లులు నోట్లోంచి రావాలి, వాటిని పలికిస్తూ చూడాలి. సర్జన్ వెంటనే ఒప్పుకున్నారు. ఈ కేసులో అన్నిటికంటే బరువైన నిర్ణయం ఇదేనని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు దారిలో పోయి ఉంటే మాట మారకుండానే ఇంకో కోత పడేది.

ఫలించినవి

గొంతు తెరిచి ఉంచాలంటే రెండు మార్గాలు: గుసగుస, హ. గుసగుసలో స్వరతంతులు కొద్దిగా విడిగా ఉంటాయి, బిగించడం కష్టం. ‘రహస్యం చెప్పు’ ఆట పెట్టాం. నా చెవిలో, అమ్మ చెవిలో, గోడ చెవిలో. ‘పాప’ అని గుసగుసగా చెప్పేటప్పుడు ఒకసారి పెదాల దగ్గర చిన్న ఫట్ వినిపించింది. అక్కడి నుంచి హ ని కలిపాం: పెదాలు మూసి, వదిలి, వెంటనే పొడుగ్గా హ. ప్‌హా. ప్‌హా. పెదాల ముందు సన్న కాగితపు ముక్క వేలాడదీస్తే ఊగింది, ముక్కు కింద పెట్టిన అద్దం మసకబారలేదు. ఆ రెండూ ఒకేసారి చూశాక అంగిలి మీద నా భయం సగం పోయింది.

రాయలసీమ పల్లె తెలుగులో ఖ, ఫ లాంటి ఒత్తక్షరాల జోరు పెద్దగా వినపడదు కాబట్టి ఆ హ ని కొన్నాళ్లకే తగ్గించాలి. తగ్గించడానికి ద్విత్వాలు పనికొచ్చాయి: అప్ప, కప్ప, పప్పు, ఉప్పు. ప్ప లో పెదాలు మూసి ఉండే సమయం ఎక్కువ, ఒత్తిడి పెరిగే వ్యవధి దొరుకుతుంది, పిల్లవాడికి తను చేస్తున్నది తెలుస్తుంది. మొదట నిలిచిన మాట ‘ఉప్పు’. ‘పప్పు’లో రెండో ప వచ్చి మొదటిది గొంతులోనే ఉన్న రోజులు చాలా నడిచాయి, అది సహజమే. త కి కూడా ఇదే దారి, నాలుక కొసను పళ్ల మధ్య కనపడేలా పెట్టించి. అత్త, తాత, తర్వాత తోట.

త వచ్చాక స కి వంతెన మన భాషలోనే ఉంది. చాలు, చలి, చుక్క అనేటప్పుడు మనం పలికేది చెవి, చేను లోని చ కాదు, నాలుక కొస పళ్ల దగ్గర తగిలే ౘ. పాత పుస్తకాల్లో దానికి వేరే అక్షరమే ఉండేది. ఈ కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర తన నిఘంటువులో ఈ రెండు చ లనూ వేరు చేసి చూపించాడు. ౘ అంటే త తో మొదలై స తో ముగిసే హల్లు. పళ్లు కలిపి త అనమని, వదిలేటప్పుడు సాగదీయమన్నాను: త్స్‌స్‌స్. ముందు పళ్ల దగ్గర ఒక స్ట్రా పట్టుకుంటే అందులోంచి గాలి చప్పుడు వాడికే వినిపించింది. గొంతు గరగర వచ్చినప్పుడు స్ట్రా మూగగా ఉండిపోయేది. వాడికి నేను తప్పొప్పులు చెప్పాల్సిన పని లేకుండా పోయింది. ౘాలు, ౘలి వచ్చాయి. ఆ చివరి భాగాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలించాక స మిగిలింది.

క, గ లు అన్నిటికంటే మొండివి. గొంతుకు దగ్గర చోటు కావడంతో జారిపోతాయి. దీనికి మలయాళం నుంచి ఒక మాట అరువు తెచ్చుకున్నాను. మామిడికాయను వాళ్లు ‘మాఙ్ఙ’ అంటారు. మ, ఙ రెండూ ముక్కువే, ఒత్తిడి అక్కర్లేదు. బాబు మొదటిసారే అచ్చం కేరళ పిల్లవాడిలా అన్నాడు. ఙ లో నాలుక మొదలు సరిగ్గా గ చోటే తగులుతుంది. మాఙ్ఙ అంటుండగా మధ్యలో ముక్కు మూస్తే గాలికి దారి లేక నోట్లోంచి పేలుతుంది, మాగ్గ. వాడికి ఇది పెద్ద ఆట అయింది, ఇంట్లో తన ముక్కు తనే మూసుకుని తిరుగుతున్నాడని తల్లి చెప్పింది. తెలుగులో ఙ విడిగా దొరకదు. బంగారం, వంకాయల్లో గ, క లకు ముందే వస్తుంది, వాటితో మొదలుపెడితే పాత అలవాటు వెంటనే లేచి కూర్చుంటుంది. తెలియని మాటకు పాత అలవాటు ఉండదు. మాఙ్ఙ పనిచేయడంలో సగం కారణం అదే అనుకుంటాను.

ఒకరోజు తండ్రి అడిగాడు, ప లు బ లు అసలే లేని భాష ఉంటుందా అని. ఉంది. ఉత్తర అమెరికాలో మోహాక్, ఒనైడా భాషల సొంత మాటల్లో పెదాలు కలిపే హల్లులు లేవు, మ కూడా లేదు. మన అవధానాల్లో నిరోష్ఠ్యం అని కష్టపడి చేసేది వాళ్లకు రోజువారీ మాట. “అయితే వీడు ఆడ పుట్టాల్సింది” అన్నాడు. అక్కడ పుట్టినా క కి ఇదే తంటా అని చెప్పాను.

ఇప్పటి స్థితి, నా కేసు షీటు

ప, త, బ, ద నిలిచాక కెమెరా పరీక్ష జరిగింది. ప, త లకు అంగిలి బాగా లేచింది, పక్కన కొద్దిపాటి సందు మిగిలింది. సర్జన్, నేను కలిసి చూసి, ఇప్పటికి ఆపరేషన్ వద్దని, ఎదిగే కొద్దీ గమనిస్తూ ఉందామని అనుకున్నాం. మాట వేగం పెరిగినప్పుడు ముక్కు నాదం ఇంకా వినిపిస్తుంది. స విడి మాటల్లో బాగుంది, కబుర్లలో జారుతుంది. ‘స్పష్టంగా చెప్పు’ అనడం ఇంట్లోనూ బడిలోనూ మాన్పించాను. ఆ మాట విన్నప్పుడల్లా వీడు గొంతును ఇంకా గట్టిగా బిగిస్తున్నాడు.

మా షీటులో ‘అస్పష్టం’ అనే గడి తీసేశాను. దాని బదులు మూడు గడులు పెట్టాను: గాలి ఎక్కడ ఆగింది, ఎటు పోయింది, ముక్కు మూస్తే ఏమైంది. కొత్తగా చేరిన కుర్ర థెరపిస్టులు మొదట విసుక్కుంటారు, ఎందుకంటే రికార్డింగు మళ్లీ మళ్లీ వినాలి. ఏ భాషలో ఆ శబ్దం హల్లుగా ఉందో వెతికి ఒక నమూనా వినమంటాను. సవర, అరబిక్, ఖోసా, ఏదైనా సరే. నమూనా విన్న చెవి రెండోసారి పిల్లవాడి నోట్లో దాన్ని పట్టేస్తుంది. మా ఆఫీసు అమ్మాయి బడీ హే ని పట్టింది అలాగే.

‘చెవి’లోని చ, జ, శ ఇంకా ముట్టుకోలేదు. క, గ ద్విత్వాల్లో వస్తున్నాయి: అక్క, ముగ్గు. మాట మొదట్లో నిలిచే దాకా ఆగి, ఆ తర్వాతే చ కి వెళ్తాం.